ఫొటో ఏదమ్మా?

2012 లండన్ ఒలింపిక్స్‌కు పనిచేసిన దాదాపు 70,000 మంది వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. బ్యాడ్మింటన్ జరిగిన వెంబ్లీ అరీనాలో, ఆట ముగించి వచ్చే క్రీడాకారుల మాటలు రాసుకుని విలేఖరులకు అందేలా చూడటం నా పని. చప్పట్లు కొట్టకూడదు, ఫొటోలు అడగకూడదు.

ఆగస్టు 4న కాంస్య పతకం కోసం మన హైదరాబాదు సైనా ఆడింది. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్ మొదట్లోనే మోకాలి గాయంతో చైనా అమ్మాయి వాంగ్ షిన్ తప్పుకుంది. పతకం మనదే! గంతెయ్యాలనిపించింది. వాంగ్ బాధ చూసి, కలం గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి రాగానే "ఫొటో ఏదమ్మా?" అంది మా అమ్మాయి. లేదన్నాను. మూతి ముడుచుకుంది. కాసేపాగి, "మరి ఆ దెబ్బ తగిలిన అక్కకి ఎలా ఉంది?" అనడిగింది.

ఆ ప్రశ్నతో నా అలసటంతా తీరిపోయింది.