చిత్తరువు వెనుక

బిడ్డలయందలి ప్రేమకు మన పెద్దలు కల్పించిన రూపములు పెక్కులు. మొలత్రాడు గట్టుట యొకటి, దిష్టిచుక్క పెట్టుట యొకటి. నేడు వానినన్నిటిని మించినది ఛాయాచిత్రము దీయుట. మా ఐ. పోలవరమున బడి విడుచు వేళ వీథిలో నిలిచి చూచిన నిది తెలియును. బిడ్డ నవ్వినను చిత్రమే, అలిగి యేడ్చినను చిత్రమే. మా యింట నీ వేడుక నా సహధర్మచారిణిది. మా యమ్మాయి పదుమూడేండ్ల బ్రదుకంతయు నామె ఫోనులో నున్నది. ఇట్టి తల్లులను పరిహసించువారు కలరు. నేను పరిహసింపను, చిత్రములు లేని బాల్యముల నెఱుగుదును.

చిత్తరువు తీయించుకొన్న నాయువు తఱుగునని భయపడు ముసలమ్మలు నా చిన్నతనమున నింకను నుండిరి. ఆడపిల్లకు పెండ్లివారికి పంపుట కొక్క చిత్రమున్న చాలు ననుకొనెడివారు. 1892లోనే హైదరాబాదున రాజా దీనదయాళు పరదాస్త్రీలకై ఆంగ్లవనిత నిర్వహణమున వేఱుగా నొక చిత్రశాలను నెలకొల్పెను. కాని యా వాకిలి సంపన్నులకే. ఫిలిము చుట్టకు 36 బొమ్మలు మాత్రమే వచ్చు కాలమున పేదబిడ్డ కందినది బడిలో దీయించు తరగతి చిత్తరువు. పలువురకు జన్మమున కదియొక్కటే.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుపాను కోనసీమను పాడుచేసినది. వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి మత్స్యకారుల పల్లెలు మిక్కిలి దెబ్బతిన్నవి. కొన్నియేండ్లకు, నేను పనిచేయుచున్న యొక పాఠశాలకు తీరపు పల్లెనుండి యొక తల్లి వచ్చినది. కొడుకు తుపానులో పోయినాడు, ఇంటనున్నవన్నియు నీటిపాలైనవి. వాడు ఆఱవ తరగతిలో నుండగా తీసిన చిత్తరువు మా గోడమీద నున్నదని యెవరో చెప్పిరట. దించి తుడిచితిమి. చెమ్మకు సగము మొగములు చెరిగియున్నవి. వెనుకకు త్రిప్పితిమి, సంవత్సరమున్నది, పేరొక్కటియు లేదు. ఆమె వ్రేలు ఒకనిపై నిలిచి, మరల ప్రక్కవానిపైకి జరిగినది. “ఈడేనండి... కాదండి, ఈడేమో.” కన్నతల్లి కొడుకును పోల్చలేక నిలుచుటను నేనదివఱ కెన్నడును చూచి యెఱుగను. ఇంతలో ముసలి బంట్రోతు వంగి చూచి, “రెండో వరసలో ఆకరోడమ్మా నీ కొడుకు. ఆ రోజు ఆడి చొక్కా చిరిగిపోతే మావోడి చొక్కా తొడిగాను” అన్నాడు. ఆమె పోల్చలేకపోయినది మొగమును మాత్రమే కాదు, ఆ చొక్కాను కూడ.

ఉత్తరరామచరితము ప్రథమాంకమున లక్ష్మణుడు చిత్రములను చూపుచు నొక్కొక్కరిని పేర్కొనును. సీతను, మాండవిని, శ్రుతకీర్తిని చెప్పి, సిగ్గుచే తన భార్యయగు నూర్మిళను విడిచిపెట్టును. మఱి యీమె యెవరని సీత పరిహాసముగా నడుగును. ఎంతటి చిత్రమునకైనను చెప్పువా డొకడుండవలెనని భవభూతి యెఱుగును. మన ఫోనులలో వేలకొలది చిత్రములున్నవి. చెప్పువారికి తీరిక లేదు. దాచుపని యంత్రము చేయును. చొక్కా సంగతి దానికి తెలియదు.

దాచుట వేఱు, పదుగురికి చూపుట వేఱు. రెండవదానికి బిడ్డ సమ్మతి యక్కఱ లేదా? ఎదుర్లంక వంతెన దాటిన యానాము. 1954 వఱకు నది ఫ్రెంచివారిది. ఆ ఫ్రాన్సు దేశము 2024 ఫిబ్రవరిలో నొక శాసనము చేసి, బిడ్డకు తన చిత్రముపై గల హక్కును తల్లిదండ్రు లిరువురును గలసి కాపాడవలెననియు, వయస్సునకు తగినట్లు బిడ్డనుగూడ నందు కలుపుకొనవలెననియు విధించినది. పిల్లల నడుగుటయా యని మనవారు నవ్వుదురు. పెండ్లికి సయితము పిల్లనడుగని కాలము గడచి యెన్నాళ్లయినది?

మొన్నటి సంక్రాంతికి మా యింట 30 చిత్రముల నేఱి కాగితముపై నచ్చు వేయించితిమి. రెండింటిని తీసివేయుమని అమ్మాయి కోరినది. తల్లి కొంచెము నొచ్చుకొన్నది గాని తీసివేసినది. తక్కిన 28టి వెనుకను అమ్మాయియే కూర్చుండి పేర్లు, ఊర్లు, తేదీలు వ్రాసినది. ఇంచుమించు ప్రతిదాని చివరను ఒకే పంక్తి యున్నది: “అమ్మ ఇందులో లేదు. తీసినది అమ్మ.”