నీటి బొట్టు చెప్పిన సంగతి



మా పటాన్‌చెరు సంఘానికి ఒక పాత కారు ఉన్నది. అది సంఘస్థులు కానుకలు కూడబెట్టి కొన్నది. రాత్రివేళ పల్లెల నుండి రోగులను ఆసుపత్రికి చేర్చేది అదే. రెండేళ్ళ క్రితం కంపెనీలో పనిచేసే ఒక సహోదరుడు తన బోనసు సొమ్ముతో దానికి సిరామిక్ కోటింగు వేయించాడు. "అయ్యగారూ, ఇక్కడి గాలికి రంగు నిలవదు" అన్నాడు.

ఆ మాట నిజమే. మా చుట్టూ 1970ల నుండి మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిశాయి. ఇక్కడి కాలుష్యం గూర్చి 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. హైవే మీది లారీల దుమ్ము సరేసరి. కారు రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. దానిని కాపాడేదే ఈ కోటింగు.

మొదట్లో నీళ్ళు పోస్తే తామరాకు మీద వలె గుండ్రని బొట్లై జారిపోయేవి. మొన్న వేసవికి నీరు పలుచగా పరచుకొని నిలిచిపోసాగింది. ఒక షాపులో చూపించగా, కోటింగు అంతా పోయింది, మళ్ళీ వేయాలన్నారు. అడిగినది పద్దెనిమిది వేలు. పల్లెలోని ప్రార్థన షెడ్డుకు వానలలోపు రేకులు వేయించాలని దాచిన సొమ్ము కూడ దాదాపు అంతే!

కమిటీలో మాట పెరిగింది. "కారుకు మెరుపెందుకు?" అన్నారొకరు. కోటింగు వేయించిన సహోదరుడు తల వంచుకొని, "నా కానుక రెండేళ్ళకే వృథా అయిందా అయ్యగారూ?" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. ఎందుకనగా, ఆ కారును మిట్టమధ్యాహ్నపు ఎండలో, బోరు నీళ్ళతో, బట్టల సబ్బు పొడి వేసి కడుగుతూ వచ్చినది మేమే.

మా యౌవనస్థులలో ఒకడు కార్లు కడిగే చోట పనిచేస్తున్నాడు. వాడు బండిని నీడలో పెట్టి, కార్ల షాంపుతో కడిగి, సబ్బు జిగురు మిగలకుండా శుభ్రంగా జాడించాడు. గాలిలోని ఇనుప రజను రంగుకు అతుక్కుంటుందట. దానిని ఒక ద్రవంతో కరిగించాడు. తిరిగి నీళ్ళు చల్లగా, తలుపుల మీద బొట్లు కట్టాయి! "కోటింగ్ పోలే అయ్యగారూ, మురికి కింద దాగింది" అన్నాడు. అయితే పైకప్పు మీద, బానెట్ మీద మాత్రం నీరు పరచుకొనే ఉన్నది. ఎండ తిన్నగా పడేది అక్కడే గనుక ముందుగా అరిగేది కూడ అక్కడే.

వాడు మాకు నేర్పిన గుర్తులు మీకూ చెబుతాము. బాగా కడిగిన తరువాతనే నీటి పరీక్ష చేయాలి. మురికి బండి మీద చేస్తే మోసపోతాము. చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని మెల్లగా నిమిరితే, గరుకుగా తగిలినచోట మురికి ఇంకా అతుక్కొని ఉన్నట్టు. శుభ్రం చేసినా బొట్లు కట్టక, దుమ్ము త్వరగా పట్టి, కడుగుట కష్టమైతే కోటింగు తీరిపోయినట్టే. మామూలు మైనపు పాలిష్ రెండు మూడు నెలలు ఉంటుంది. సిరామిక్ మంచి సంరక్షణలో కొన్నేళ్ళు నిలుస్తుంది గాని, ఎప్పటికీ ఉండేది కాదు. రంగు మీది పారదర్శకమైన పొర తెల్లగా పొట్టులేస్తే మాత్రం ఏ కోటింగూ పనికిరాదు, రంగే వేయించాలి. పిట్టల రెట్ట పడితే ఆలస్యం చేయక నీటితో నానబెట్టి తుడవాలి. కడిగిన తరువాత నీరు ఆరిపోకముందే మెత్తని గుడ్డతో అద్దాలి. లేకపోతే బోరు నీటి తెల్లమచ్చలు నిలిచిపోతాయి.

పైకప్పుకు, బానెట్‌కు మాత్రం కొద్ది వందలతో స్ప్రే పూత వేయించాము. కొన్ని నెలలకొకసారి దానిని మళ్ళీ వేయాలి. రేకుల సొమ్ము రేకులకే వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఆ సహోదరుని ఇంటికి వెళ్ళాము. "బాబూ, నీ కానుక వృథా కాలేదు. తప్పు మా చేతిది" అని ఒప్పుకొన్నాము. ఆయన నవ్వి, లోపలికి వెళ్ళి రెండు మెత్తని తువ్వాళ్ళు తెచ్చి మా చేతిలో పెట్టాడు. "వచ్చే శనివారం నేను కూడ వస్తాను అయ్యగారూ, నీడలో కడుగుదాం" అన్నాడు.