సోమరి మడులు

ఐర్లండు దేశపు బీదరైతులు ఉర్లగడ్డలు నాటిన మడులకు ఆంగ్లమున "సోమరి మడులు" అని పేరు. గడ్డినేలపై ఎరువును, సముద్రపు నాచును పరచి, దుంపముక్కలనుంచి, ఇరుప్రక్కల పచ్చికపెళ్లలను పారతో తిరుగవేసి కప్పుట సోమరుల పనియా? ఆ బోదెల చారలు కొండచరియలపై నేటికిని కానవచ్చును.

అచ్చట "దుంపయు, చూపుటయు" అను హాస్యోక్తి గలదు. దూలమునకు వ్రేలాడు మాంసపుతునకకు దుంపను చూపి, రుచి తగిలినదనుకొని తినుటయట! 1845వ సంవత్సరమున తెగులు సోకి ఆ దుంపయు కుళ్లెను. 1852 లోపల సుమారు 10 లక్షలమంది మరణించిరి.

హాస్యోక్తి చెప్పినప్పుడు తరగతి యెల్ల నవ్వెను. వెనుకబల్లపై నొక బాలుడు నవ్వలేదు. ఆలస్యముగా వచ్చెనని ఆ యుదయముననే నేనతనిని సోమరియంటిని. అతని గోళ్లలో పొలపుమన్ను ఇంకను తడియారలేదు.