తాతల ఫొటోలు ఏ ఫైల్లో దాస్తున్నాం?



ఈమధ్య మనోళ్ళు చాలామంది ఊళ్ళో పెద్దోళ్ళ ఫొటోలు, పాత ఇళ్ళ ఫొటోలు ఫోన్లో ఎడిట్ చేసి గ్రూపులో పెడుతున్నారు. మంచి పని. మా ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. అందుకని ఊళ్ళో ఎవరికి ఫొటో పనున్నా నెల్లిమర్లలో ఉన్న నాకే ఫోన్ చేస్తారు. అలా తెలుసుకున్నది రాస్తున్నాను.

పోయినేడాది మా తాత చనిపోయాక, ఫొటో పెద్దది కట్టించమని పెదనాన్న వాట్సాప్‌లో పంపాడు. అప్పటికే అది ఎన్ని ఫోన్లు తిరిగిందో, ఎంతమంది రంగులు మార్చారో. ఫొటో షాపాయన కంప్యూటర్లో పెద్దది చేసి చూపించాడు. "మొహం గళ్ళు గళ్ళుగా వచ్చేస్తంది బాబూ, అసలు ఫొటో ఉంటే తే" అన్నాడు. అసలుది ఎవరి దగ్గరా లేదు. ఇంకోటి తీద్దామంటే తాత లేడు.

ఆ గళ్ళు జేపెగ్‌వి. 1992లో వచ్చిన ఈ పద్ధతి ఫొటోని 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని వివరాన్ని తీసేసి ఫైల్ని చిన్నది చేస్తుంది. ఒక్కసారికి తేడా తెలీదు. ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంత పోతుంది. ఉత్తినే తెరిచి చూసినా, కాపీ చేసుకున్నా ఏమీ పోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మాత్రం అది కూడా సైజు తగ్గించేస్తుంది.

1996లో వచ్చిన పీఎన్‌జీ అలా కాదు. బట్టలు మడతపెట్టినట్టు సర్దుతుంది గాని దేన్నీ పారేయదు. ఫైలు మాత్రం బరువు. పాడైన జేపెగ్‌ని పీఎన్‌జీలోకి మార్చేస్తే బాగవుతుందని కొందరంటారు. అవ్వదు. పోయింది పోయినట్టే.

మా సవర ఇళ్ళ గోడబొమ్మలే చూడండి. ఎర్రమట్టి గోడ మీద వరిపిండితో సన్నటి తెల్లగీతలు. జేపెగ్ రంగుల వివరాన్ని ఎక్కువ తగ్గిస్తుంది, పదునైన అంచుల దగ్గర మసక తెస్తుంది. నాలుగైదు ఎడిట్లయ్యాక బొమ్మలో మనుషుల చేతులు గోడలో కలిసిపోతాయి. మట్టిగోడ తీసి సిమెంటుది కట్టిన ఇంటికి ఆ ఫొటో ఒక్కటే గుర్తు కదా.

నేను చేసేది ఇదీ:

1. కెమెరాలో పడిన ఫైలు ముట్టుకోను. వేరే ఫోల్డర్లో ఊరి పేరు, మనిషి పేరు, తేదీ పెట్టి దాస్తాను.

2. ఎడిట్ కాపీ మీదే. స్నాప్‌సీడ్ సెట్టింగ్స్‌లో పీఎన్‌జీ ఉంటుంది, అందులో సేవ్ చేస్తాను.

3. గ్రూపుకి, స్టేటస్‌కి, 50 కేబీ అడిగే అప్లికేషన్లకి చివర్లో ఒక జేపెగ్ తీస్తాను. దాన్ని మళ్ళీ ఎడిట్ చెయ్యను.

4. దాచుకోడానికి పంపేవి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతాను.

12×18 అంగుళాల ఫ్రేముకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 చుక్కలు కావాలి. స్టేటస్ నుంచి తీసిన ఫొటోకి అన్ని ఉండవు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు, మీ పెద్దోళ్ళ ఫొటో మొదట ఎవరి ఫోన్లో తీశారో అడగండి. ఆ ఫోను పగిలిపోకముందే, అమ్మేయకముందే అసలు ఫైలు తెచ్చుకోండి. ఎలా తీయాలో తెలీకపోతే కింద అడగండి, నాకు తెలిసినంత చెప్తాను.

జోహార్.