గౌలిగూడ దారిలో ఒక పొలము లెక్క



గౌలిగూడ అనగానే మన పల్లెలలోని పెద్దలకు మొదట జ్ఞాపకము వచ్చేవి బస్సులే. పట్నము వచ్చినవారు దిగినది అక్కడే, ఊరికి తిరిగి బస్సు ఎక్కినదీ అక్కడే. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించినది. విమానములు నిలుపుటకు తయారైన పెద్ద ఇనుప షెడ్డు ఒకటి గౌలిగూడలో బస్‌స్టాండు అయినది. 1994లో జిల్లాల బస్సులు ఆ దగ్గరనే, మూసీ నడుమనున్న ఇమ్లీబన్‌కు మారిపోయినవి. పాత షెడ్డు సిటీ బస్సులకు మిగిలినది. 2018 జూలై 5న అది కూలిపోయినది. ముందుగానే ఖాళీ చేసియుండుటచేత ఎవరికీ ప్రాణహాని కలుగలేదు.

గౌలీలు అనగా పశువులు మేపుకొని పాలు అమ్ముకొనేవారు. ఇమ్లీబన్ అనగా చింతతోపు. ఆ పశువులూ లేవు, ఆ తోపూ లేదు, పేర్లు మాత్రము నిలిచినవి.

ఈ గౌలిగూడ సందులలో ఒక అద్దె ఇంటికి నేను వెళ్ళవలసివచ్చినది. నల్గొండ జిల్లాకు చెందిన ఒక కుటుంబమది. తండ్రి ప్రభువునందు నిద్రించి సంవత్సరము దాటినది. ఆయన విడిచి వెళ్ళినది 4 ఎకరముల 20 గుంటల చెలక భూమి. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. కుమారులిద్దరూ పట్నములో పనిచేస్తున్నారు. సేద్యము చేసేవారు లేరు గనుక భూమి అంతటా టేకు పెట్టి ఇరవై ఏండ్లు విడిచిపెట్టవలెనని పెద్దవాని ఆలోచన. "అయ్యగారూ, మీరు చెప్తే అమ్మ ఒప్పుకుంటది" అన్నాడు.

అమ్మ మూలన కూర్చుండి ఒక్క మాట అడిగినది. "ఇరవై ఏండ్లకు నేనుంటనా అయ్యగారూ? అప్పటిదాక నేనేం తినాలె?"

నేను వెంటనే ఏమియు చెప్పలేదు. పెద్దవానిని వెంటబెట్టుకొని బయటికి నడిచాను. గౌలిగూడకు ఆనుకొనియున్న అఫ్జల్‌గంజులో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణము దక్కించుకొన్నారు. దానిని నాటినవారు ఎవరో మనకు తెలియదు. వారు ఈ లాభమును లెక్కలో వేసికొని నాటలేదు.

అక్కడనుండి గోషామహల్ వైపు వెళ్ళి ఒక టింబరు డిపోలో విచారించాము. ఆ వ్యాపారి రెండు టేకు దుంగలను చూపించాడు. ఒకటి ముదురు చెట్టుది, దాదాపు అంతా చేవ. ఇంకొకటి పన్నెండేండ్లదట. నడుమ కొద్దిపాటి చేవ, చుట్టూ తెల్లని మెత్తని కట్టె. "మేము వయస్సుకు ధర కట్టము, చుట్టుకొలతకూ చేవకూ కడతాము" అన్నాడు. ప్రభుత్వ అడవులలో టేకును యాభై ఏండ్లు, అంతకు మించి కూడ పెంచుతారు. కేరళలోని నిలంబూరులో 1840లలో టేకు నాటించిన కలెక్టరు కానలీ 1855లో హత్యకు గురయ్యాడు. ఆ తోటలో కొంత భాగము నేటికీ నిలిచియున్నది. నాటినవాడు దాని కలపను చూడలేదు.

అయితే ఇరవై ఏండ్లకు లక్షలు అనే మాట ఎక్కడిది? 1990లలో టేకు తోటల కంపెనీలు పత్రికలనిండా ప్రకటనలు వేసినవి. వాటిలో పేరుపొందిన చెన్నైలోని అనుభవ్ ప్లాంటేషన్స్ 1998లో కూలిపోగా ఎన్నో కుటుంబముల పొదుపు సొమ్ము చిక్కుకొనిపోయినది. 1999లో సెబీ ఇటువంటి పథకములకు నిబంధనలు తెచ్చినది. కంపెనీలు పోయినవి గాని ఆ లెక్క మాత్రము ఊరూరా తిరుగుచునే ఉన్నది.

తక్కువ కాలపు చెట్లు లేకపోలేదు. నీలగిరి, సుబాబుల్, సరుగుడు నాలుగైదేండ్లకు కోతకు వస్తాయి. నీలగిరి నరికిన మోడునుండి తిరిగి చిగురించును. భద్రాచలము దగ్గర సారపాకలో కాగితపు మిల్లు ఉన్నందున ఆ చుట్టుప్రక్కల రైతులకు అది అక్కరకు వచ్చినది. కాని మిల్లు దూరమైన కొలది నరుకుడు కూలి, లారీ కిరాయి లాభమును తినివేయును. మరల పంట వేయదలచినచో మోళ్ళు పెకలించుటకు జేసీబీ ఖర్చు ఉన్నది. గట్టున నీలగిరి పెట్టినచో ప్రక్క రైతు పైరు కుంగిపోవును. శ్రీగంధము ప్రక్క మొక్కల వేళ్ళపై ఆధారపడి బ్రదికే చెట్టు. చేవ పట్టిన తరువాత దొంగలకు కావలి కాయవలెను. మన భూమిలో మనము నాటిన చెట్టైనను నరుకుటకు అనుమతి అడుగవలసిరావచ్చును. 2002లో వచ్చిన వాల్టా చట్టము అందుకే. ఏ చెట్టుకు అనుమతి కావలెనో, దేనికి అక్కరలేదో నాటకముందే అటవీ రేంజి కార్యాలయములో తెలిసికొనవలెను.

వీటన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ భూమి ఎవరిది? నాబోతు తన పిత్రార్జితమును రాజుకు సహితము ఇయ్యలేదని మనము చదువుచున్నాము. మన ఇండ్లలోనో, ఆడపిల్ల వంతును అడుగకుండనే కలుపుకొనుచున్నాము. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి ఇండియన్ సక్సెషన్ చట్టము ప్రకారము, వీలునామా లేనప్పుడు, పిల్లలున్న విధవరాలికి మూడవ వంతు. మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానము. ఇంటికి తిరిగివచ్చి కాగితముమీద వేసి చూపించాను. మొత్తము 180 గుంటలు. అమ్మకు 60, ముగ్గురు బిడ్డలకు తలా 40. పెద్దవాడు ఆ కాగితమువైపు చాలసేపు చూశాడు. తాను నాటదలచిన నాలుగున్నర ఎకరములలో అతనిది ఒక్క ఎకరమే.

ఫోనులో చెల్లెను అడిగారు. ఆమె తన ఎకరములో కంది, ఆముదము వేయించుకొంటానన్నది. అమ్మ ఎకరమున్నర కౌలుకిచ్చి ఆ గింజలు, డబ్బు ఆమెకే అందునట్లు ఒప్పుకొన్నారు. పెద్దవాడు తన ఎకరములో టేకు పెడతాడు. చిన్నవాడు ఇంకా తేల్చుకోలేదు. అందరి పొలముల గట్లమీద టేకు వరుస వేయుటకు మాత్రము నలుగురూ సమ్మతించి సంతకములు చేశారు.

చెట్లు నాటవద్దని నేను చెప్పుటలేదు. మన చెలకలకు నీడ కావలెను, మన బిడ్డలకు కలప కావలెను. అయితే ఇంటిలో వృద్ధురాలి అన్నము, ఆడబిడ్డ వంతు తీసి ప్రక్కన పెట్టిన తరువాత మిగిలిన భూమిలో, నష్టమైనను తట్టుకొనగలిగినంత మేర నాటండి. మొక్కలు పెట్టుటకు తొలకరి రావలెను. కుటుంబమంతా కూర్చుండి లెక్క చూచుకొనుటకు ఈ వేసవి చాలును.