పాట పాడితే కట్టాల్సిందే

ఊళ్ళో చెరువు చేపల వేలానికైనా ముందు ధరావతు కట్టించుకుంటారు. పాట పాడి వెనక్కి తగ్గితే ఆ డబ్బూ పోతుంది, పరువూ పోతుంది. ఈబేలో మామూలుగా ధరావతు ఉండదు. అందుకేనేమో, మనలో కొందరికి అక్కడ బిడ్ వేయడమంటే ఊరికే బటన్ నొక్కడం!

నా మిత్రుడొకడు ఒక్క కెమెరా కోసం మూడు వేలాల్లో బిడ్ వేశాడు. మూడూ వచ్చాయి. చౌకగా వచ్చింది ఉంచుకుని మిగతా ఇద్దరికీ మొహం చాటేశాడు. అదేంట్రా అంటే "కంపెనీకేం నష్టంలే" అన్నాడు. కంపెనీ కాదు బాబూ, అవతల ఉన్నది ఇంట్లో పాత కెమెరా అమ్ముకునే మనిషి. ఆయన నాలుగు రోజులు ఎదురుచూసి, ఆర్డరు రద్దు చేసి, మళ్ళీ వేలం పెట్టుకోవాలి. ఈలోగా రెండో పాట పాడినాయన ఇంకోటి కొనేసుకుంటాడు.

1996లో ఫీడ్‌బ్యాక్ మొదలైనప్పుడు ఇద్దరూ ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. అమ్మేవాళ్ళు కక్షకొద్దీ తిరిగి నెగటివ్ ఇస్తున్నారని 2008లో వాళ్ళకి ఆ వీలు తీసేశారు. ఆ కత్తి ఇప్పుడు మన చేతిలోనే ఉంది. కాబట్టి బాధ్యతా మనదే.

నా మటుకు నేను వివరాలు, షిప్పింగ్ ఖర్చు చదివి, అనుమానాలేవైనా ఉంటే ముందే అడుగుతాను. నా ఆఖరి ధర ఒక్కసారే ఇచ్చేస్తాను. ఈబే దాన్ని బయటపెట్టకుండా అవసరమైనంత మేరకే పాట పెంచుతుంది. వస్తువు తేడాగా వస్తే ముందు అమ్మినాయనకి మెసేజ్, నెగటివ్ సంగతి ఆ తర్వాతే.

కోడ్ కమిట్ చేసేముందు పదిసార్లు చూసుకుంటాం కదా. బిడ్ కూడా కమిటే. కాకపోతే రోల్‌బ్యాక్ ఖర్చు అవతలివాడిది!