300 ఏళ్ల మనుషులు

మా నానమ్మకి తన పుట్టినతేదీ తెలియదు. ఆధార్‌లో ఉన్న జనవరి ఒకటి, ఆ రోజు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు వేసింది. ఏడాది కూడా అతనే ఊహించాడు. ఆ లెక్కన ఆవిడకీ మా పెద్దత్తకీ పదకొండేళ్లే తేడా.

నా మొదటి ఉద్యోగంలో, ఐసీయూలో చేరినవాళ్లలో ఎవరి ప్రాణానికి ముప్పుందో ముందే అంచనా వేసే మోడల్ చెయ్యమన్నారు. డేటా మిమిక్-3. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రి ఐసీయూల్లో 2001 నుంచి 2012 దాకా చేరిన 40,000 మందికి పైగా రికార్డులు. మనుషుల మీద పరిశోధన గురించి ఒక ఆన్‌లైన్ కోర్సు పాసై, ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చెయ్యనని ఒప్పుకుంటేనే ఇస్తారు. కోర్సంతా గబగబా క్లిక్ చేసుకుంటూ పోయాను. చాలామంది అంతే, ఒప్పుకోరు గానీ.

అందులో పేర్లుండవు. తేదీలన్నీ ఒక్కో మనిషికి ఒక్కో లెక్కన వచ్చే శతాబ్దంలోకి జరిపేసి ఉంటాయి. ఎవరో 2137లో చేరతారు, తొమ్మిది రోజులకి డిశ్చార్జ్ అవుతారు. మధ్యలో గంటగంటకీ బీపీ, అప్పుడప్పుడూ పొటాషియం, క్రియాటినిన్. ఒక్కోసారి ఆ అంకెలు మధ్యలోనే ఆగిపోతాయి. మొదట్లో అక్కడ కాసేపు ఆగేదాన్ని. తర్వాత అలవాటైపోయింది.

వయసులకి గ్రాఫ్ గీస్తే చివర్లో, 300 దగ్గర, విడిగా ఒక గుంపు. మూడొందల ఏళ్లు ఎవడు బతుకుతాడు? ఎంట్రీ తప్పులనుకుని ఒక్క లైన్ కోడ్‌తో వాళ్లందరినీ తీసేశాను. మోడల్ స్కోరు కాస్త పెరిగింది కూడా. సంబరపడి టీకి వెళ్లాను.

వారం తర్వాత వేరే దేనికోసమో డాక్యుమెంటేషన్ తిరగేస్తుంటే కనపడింది. అమెరికా ప్రైవసీ నిబంధనల ప్రకారం 89 దాటినవాళ్ల అసలు వయసు చూపించకూడదు. అంత వయసువాళ్లు కొద్దిమందే కాబట్టి ఇట్టే గుర్తుపట్టేయొచ్చు. అందుకని వాళ్ల పుట్టినతేదీని, మొదటిసారి చేరిన రోజుకి సరిగ్గా 300 ఏళ్లు వెనక్కి నెట్టారు.

నేను తుడిచేసిన ప్రతి వరసా ఒక ముసలాయనో, ముసలామో. ఇంకో నెలలో ఆ మోడల్‌ని డాక్టర్లకి చూపించాలి. తొంభై దాటినవాళ్లని అది ఒక్కసారైనా చూసి ఉండేది కాదు.

వెనక్కి తెచ్చాను. అందరికీ ఒకటే వయసు వేశాను, 91.4. వాళ్ల వయసుల మీడియన్ అదేనని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఆధార్ కుర్రాడిని ఇక ఏమీ అనలేను.

ఆ చలికాలం నానమ్మ ఆయాసంతో ఆసుపత్రిలో చేరింది. అడ్మిషన్ కాగితం చేత్తో పట్టుకుని అమ్మ ఫోన్ చేసింది.

"వయసు ఎంతని రాయమంటావే? ఆధార్‌లోది తప్పని తెలుసుగా."

తొంభై ఒకటి రాయమన్నాను.